చుక్క నూనె లేకుండా

గ్రిల్లు మీద ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలగగానే సారవ్వ మూత ఎత్తింది. గాడులు పడ్డ రెండు నల్లటి పలకలూ వేడెక్కి సన్నగా పొగ చిమ్ముతున్నాయి. పెరుగు, పసుపు, అల్లం, కారంలో నానిన కోడిముక్కలను వరుసగా పేర్చింది. తోలు తీసినవి, రొమ్ముభాగానివి మాత్రమే. మూత వేసి అరచేత్తో నొక్కింది. చుయ్‌మంది.

ఆ గ్రిల్లు ముందువైపుకు కాస్త వాలి ఉంటుంది. ముక్కల్లోంచి కరిగిన కొవ్వు ఆ వాలు వెంట జారి కింద పెట్టిన చిన్న తొట్టిలో పడుతుంది. ఒక బొట్టు. ఇంకో బొట్టు. సారవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది. రోజూ పొద్దున ఐదింటికి ఆమె చూసే సినిమా అది. ఎనిమిది నెలలుగా ఒక్క ఆట తప్పలేదు.

గని కాలనీ క్వార్టర్లలో కరెంటుకు కరువు లేదు, బొగ్గు కంపెనీదే. సగం ఇళ్లల్లో హీటర్ల మీదే అన్నం ఉడుకుతుంది. గ్రిల్లు మాత్రం ఈ వరుసలో సారవ్వ ఒక్కదాని దగ్గరే ఉంది. జ్యోతినగర్‌లో ఇంజనీరు భార్య మైత్రి మేడం ఇంట్లో రెండేళ్లు సాయంత్రంపూట వంట చేసింది. వాళ్లకు బదిలీ అయినప్పుడు మేడం దీన్ని ఆమె చేతుల్లో పెట్టింది.

"నూనె అక్కర్లేదు సారవ్వా. మాంసంలో ఉన్న కొవ్వు కూడా కిందికి దిగిపోతుంది. మా ఆయన్ని గండం గట్టెక్కించింది ఇదే."

ఆ మాట అప్పుడు చెవికెక్కలేదు. అటక మీద పడేసింది. తర్వాత ఒక రోజు స్టూలు వేసుకుని తనే దింపింది. ఎందుకు దింపిందో ఆమెకు తప్ప ఇంకొకరికి తెలియదు.

జైపాల్ వచ్చి పీట మీద కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ముప్పై మూడేళ్లుగా గనిలో దిగుతున్నాడు. ఎంత రుద్ది కడిగినా కనురెప్పల అంచున కాటుకలా బొగ్గు మిగిలే ఉంటుంది. ఒకప్పుడు పొట్ట బెల్టు మీదికి పొంగి వేలాడేది. ఇప్పుడు అదే బెల్టుకు మేకుతో రెండు కొత్త బొక్కలు కొట్టుకున్నాడు. మెడ సన్నబడింది. దవడ ఎముకలు తేలాయి. నిజం చెప్పాలంటే, వయసు పదేళ్లు తగ్గినట్టున్నాడు.

"గియ్యాల గూడ గదేనా?" అన్నాడు పళ్లెంలోకి చూస్తూ.

"గదే."

"జరంత తాళింపన్న పెట్టవే. నాలుక సచ్చిపోయింది."

"బీపీ ఉన్నోనికి తాళింపేంది? నువ్వు సల్లగుండాలె గదా."

పెళ్లాం అంత ప్రేమగా చూస్తుంటే ఏ మొగుడైనా ఏమంటాడు? జైపాల్ జొన్నరొట్టె తుంచి, చారల చారలుగా కాలిన కోడిముక్కతో నమిలాడు. ఆమె ఇచ్చిన మజ్జిగ గటగటా తాగాడు. దవాఖానలో ఇచ్చిన బీపీ మాత్రను అతను రోజూ స్నానాల గదిలో తూము దగ్గర ఉమ్మేసేవాడు. ఉబ్బిన మాత్రలు జాలీకి అంటుకుని ఒకనాడు ఆమె కంటబడ్డాయి. ఆ మరునాటి నుంచి మాత్ర పొడి అయింది, పొడి ఉప్పు మజ్జిగలో కలిసింది. అతనికి తెలియదు.

అతను ఉమ్మింది ఎందుకో ఆమెకు తెలుసు. అదీ అతనికి తెలియదు.

ఈ గనుల దగ్గర జబ్బంటే అందరూ భయపడరు. మెడికల్ బోర్డు 'అన్‌ఫిట్' అని రాస్తే మనిషి ఇంటికి పోతాడు, అతని నౌకరీ కొడుక్కి వస్తుంది. అందుకని షుగరు బయటపడిందంటే మొహం వెలిగేవాళ్లున్నారు. గుండె బాగాలేదని డాక్టరు అంటే మిఠాయి పంచినవాళ్లున్నారు. షరతు ఒక్కటే. రిటైర్మెంటుకు కనీసం రెండేళ్లు మిగిలి ఉండాలి. జైపాల్‌కు వచ్చే నెలతో ఆ గడువు తీరిపోతుంది.

మరి జైపాల్‌కు కొడుకున్నాడా? ఉండేవాడు. సంపత్. మూడేళ్లు బతికాడు. జ్వరం మెదడుకెక్కి రెండు రోజుల్లో పోయాడు. వాడి చొక్కా ఒకటి చీరల అడుగున పెట్టుకుని సారవ్వ ఇరవై రెండేళ్లు గడిపింది. మళ్లీ కాన్పు కాలేదు.

నస్పూర్‌లో జైపాల్‌కు ఇంకో ఆమె ఉందని ఆమెకు పద్దెనిమిదేళ్లుగా తెలుసు. ఆమెకొక కొడుకున్నాడనీ తెలుసు. ఏడ్చింది, తిట్టింది, ఊరుకుంది. ఎనిమిది నెలల కింద మోకాళ్ల నొప్పికి దవాఖానకు పోతే, కౌంటర్లో కూర్చున్న అమ్మాయి కార్డు చూసి నవ్వుతూ అంది:

"అవ్వా, మీ సంపత్ కండ్లద్దాలు తయారై వారమైంది. తీస్కపొమ్మని చెప్పున్రి."

"ఏ సంపత్?"

"మీ కొడుకే గదవ్వా. కార్డు మీదున్నడు."

సారవ్వ కార్డు వెనక్కి తీసుకుని చూసింది. చచ్చిన పిల్లవాడి పేరు కంపెనీ కాగితాల్లోంచి జైపాల్ కొట్టేయించలేదు. నస్పూర్ పిల్లవాణ్ని బడిలో వేసేటప్పుడు ఆ పేరే తొడిగాడు. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టినవాళ్లు. కాగితం మీద ఆ పిల్లవాడు సారవ్వ కన్న కొడుకు!

మొగుణ్ని పంచుకోవడం ఓర్చుకుంది. దీన్ని ఓర్చుకోలేకపోయింది.

ఆఫీసులో చెబితే జైపాల్ నౌకరీ ఊడుతుంది. క్వార్టరు పోతుంది, రేపటి పింఛనూ పోతుంది. తన కంచంలో తనే మన్ను పోసుకున్నట్టు. వారం రోజులు అన్నం సయించలేదు. ఎనిమిదో రోజు తను పనిచేసే గని క్యాంటీన్‌లో కిషన్ చాయ్ తాగుతూ అన్నాడు: "వదినా, జైపాల్ అన్న బోర్డుకు పెట్టుకుండట గదా. నూటా ఎనభై బీపీ, షుగరు, నెత్తురు నిండ కొవ్వు. ఇగ ఫికర్ లేదు, మీ కొడుకు నౌకరీ పక్కా!" కిషన్ వేరే గని నుంచి కొత్తగా వచ్చినవాడు. సారవ్వ ఇంటి సంగతులు తెలియనివాడు.

ఆ సాయంత్రమే ఆమె స్టూలు వేసుకుని అటక ఎక్కింది.

*

ఆరింటికల్లా సారవ్వ గని క్యాంటీన్‌లో మూకుడు ముందు ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఆమె చోటు అది. మోచేతి దాకా నూనె చిట్లిన మచ్చలు. శనగపిండి కలిపే చెయ్యి కళ్లు మూసుకుని కూడా పాకం చెబుతుంది. సారక్క మిర్చి కోసం పక్క గని వాళ్లు కూడా బండి ఆపుతారు. ఇంట్లో చుక్క నూనె వాడని మనిషి ఇక్కడ రోజుకు పద్దెనిమిది కిలోల నూనె కాస్తుంది.

ఆ మూకుడు నుంచి జైపాల్ పళ్లెంలోకి ఒక్క మిర్చి పోలేదు. గిన్నెలు అందించే పోశవ్వకు మొదటిరోజే చెప్పింది: "మా ఇంటాయనకు నూనెది ఎవలన్న పెడితే, నేను కొంగు దులుపుకొని ఇంటికి పోత." అతను కౌంటర్ దగ్గరికి రాగానే పోశవ్వ ఉడికిన శనగల గిన్నె ముందుకు తోసేది. పక్కవాళ్లకు నవ్వులాట.

"అన్నా, వదిన నిన్ను మల్ల పెండ్లికొడుకును జేస్తున్నది!"

"పిల్ల దొరికిందా అన్నా, లేకుంటే ముందుగాలనే ఉన్నదా?"

జైపాల్ కూడా పళ్లికిలించేవాడు. ఏం చేస్తాడు? జబ్బు పెంచుకోవాలె, జర మిర్చి పెట్టు అని అడిగితే, ఎందుకని ఆమె అడుగుతుంది. ఎవరి కోసమని అడుగుతుంది. కొడుకు లేని ఆడదాని ముందు ఆ ఒక్క మాట అనలేక అతను శనగలు నమిలాడు. ఆదివారాలు నస్పూర్‌లో కార్జం వేపుడు తిని వచ్చేవాడు. సోమవారం సారవ్వ కాల్చిన సొరకాయ, మజ్జిగ తప్ప పెట్టేది కాదు. పొద్దున చెరువు కట్ట దాకా తనతో నడిపించేది. పన్నెండు కిలోలు తగ్గాడు. డాక్టరు భుజం తట్టాడట. అది చెబుతూ జైపాల్ మొహం మాడిపోయింది.

నాలుగు రోజుల కింద, స్నేహితుడి కొత్తింటి దావత్ అని చెప్పి కొత్తగూడెం బోర్డుకు పోయాడు. దారికని సారవ్వ నాలుగు రొట్టెలు, నూనె లేకుండా కాల్చిన రెండు బొచ్చె చేప ముక్కలు కట్టి ఇచ్చింది.

రెండున్నరకు కిషన్ వచ్చాడు. ఫోన్ చేతిలో ఉంది. మొహం వేలాడేసుకున్నాడు.

"వదినా, లిస్టు వచ్చింది. అన్న ఫిట్టేనట. బీపీ నూటా ఇరవై ఆరట, షుగరు లేనే లేదట. గుండె పడుసు పోరని లెక్కున్నదట." నాలుక చప్పరించాడు. "మీ సంపత్‌కు నసీబు లేదు వదినా."

పోశవ్వ చేతిలో గిన్నె ఆగింది. ఆమె పాత మనిషి, సంపత్‌ను ఎత్తుకున్న మనిషి. సారవ్వ వైపు చూసింది. సారవ్వ మూకుడు కింద మంట పెంచింది.

"పెద్ద మిరపకాయలు తియ్యవ్వా. సీల్చకుండ ఇయ్యి."

మూడింటికి మొదటి షిఫ్టు పైకొచ్చింది. నల్లటి మొహాలు, తెల్లటి కళ్లు, భుజాన వేలాడే దీపాలు. జైపాల్‌కు దీపాలు అప్పగించే లాంప్ రూమ్ దగ్గరే ఎవరో చెప్పేశారు. కాళ్లీడ్చుకుంటూ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. చుట్టూ చేరినవాళ్లలో ఒకడు ఓదార్చాడు, ఒకడు నవ్వాడు. "ఇంకో రెండేండ్లు బొగ్గు తియ్యే అన్నా, ఏమైతది!"

సారవ్వ పళ్లెం తీసుకుంది. మూకుడులోంచి జల్లిగరిటెతో తోడి, వడగట్టకుండానే పోసింది. పన్నెండు మిర్చీలు. నూనె పళ్లెం అంచుదాకా నిలిచింది. పైన కోసిన ఉల్లిగడ్డ, నిమ్మచెక్క. తనే తీసుకెళ్లి అతని ముందు పెట్టింది. ఎనిమిది నెలల్లో ఆమె కౌంటర్ దాటి రావడం అదే మొదలు.

"తిను," అంది.

జైపాల్ తలెత్తాడు.

"ఇగ ఎన్నంటే అన్ని తిను. సాలకపోతే మల్ల ఏస్త. రేపటిసంది తాళింపు గూడ పెడత."

చుట్టూ నవ్వు లేచింది. జైపాల్ నవ్వలేదు. పళ్లెం చూశాడు, ఆమె మొహం చూశాడు. రొట్టె, మజ్జిగ, నడక, శనగలు, సొరకాయ, ప్రతి ఒక్కటీ అతని కళ్లలో ఒకదాని వెనుక ఒకటి వెలగడం సారవ్వ నిలబడి చూసింది. ఆకలి తీరిన మనిషిలా తిరిగి మూకుడు దగ్గరికి పోయింది.

*

ఐదింటికి ఆమె ఇంటికొచ్చేసరికి అతను మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ట్రంకుపెట్టె తెరిచి ఉంది.

"ఎప్పటిసంది ఎరుక?"

"అద్దాలు తయారైన కాంచి."

"తిడితే తిట్టకపోయినవా. చెప్పుతోటి కొట్టకపోయినవా. గిట్ల... కడుపుల పెట్టుకొని సూస్తున్నవనుకున్ననే నేను."

"కడుపుల పెట్టుకొనే సూసిన."

జైపాల్ గోడకు చేరగిలబడ్డాడు. "పోరడేం జేసిండు? వాని బతుకు..."

"వానికి ఇంకో పేరు దొర్కలేదా? దునియల పేర్లు గొడ్డువోయినయా?"

"సచ్చినోని పేరు..." అతను తల దించుకున్నాడు. "ఉట్టిగనే పోతది గదా అనుకున్న. ఎవలకు పనికొస్తదని."

"నాకు పనికొస్తది. దినాం పిలుసుకుంట నేను."

జైపాల్ రెండు చొక్కాలు, లుంగీ, గడ్డం గీసుకునే డబ్బా సంచిలో వేసుకున్నాడు. పెట్టె అడుగు నుంచి తాడు కట్టిన ఒక అట్ట ఫైలు తీశాడు. బోర్డు కోసం ఏళ్లుగా కూడబెట్టిన రుజువులు అందులో ఉన్నాయి. ఇక వాటితో పని లేదు. చేతిలో ఒక్క క్షణం బరువు చూసినట్టు పట్టుకుని, మంచం మీద విసిరాడు. తాడు తెగి కాగితాలు చెల్లాచెదురయ్యాయి.

"నేను పోతున్న. మల్ల రాను."

"నెమ్మదిగ పో," అంది సారవ్వ.

బండి చప్పుడు నస్పూర్ వైపు మళ్లింది. ఆమె గుమ్మం దాకా పోలేదు. ముందు చేతులు కడుక్కుంది. తర్వాత మంచం దగ్గరికొచ్చింది, చింపిపారేద్దామని. వరుసగా చింపింది. అన్నీ ఇంగ్లీషువి, మొహర్లు వేసినవి. ఒక్కొక్కటి చరచరా చిరుగుతుంటే చేతులకు హాయిగా ఉంది.

చివరిది చిరగలేదు. పచ్చటి మందపాటి అట్ట, నాలుగుగా మడిచి మడిచి మెత్తబడింది. దాని మీద తెలుగు అక్షరాలున్నాయి. తెలుగైతే కూడబలుక్కుని చదవగలదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయింది.

నస్పూర్ బడి ప్రోగ్రెస్ కార్డు. దుర్గం సంపత్. మూడో తరగతి. లెక్కలకు యాభైకి నలభై ఒకటి, తెలుగుకు నలభై ఆరు. తల్లి పేరు: సారవ్వ.

అక్కడ ఆగింది. వేళ్లు చింపడానికి పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉన్నాయి. ఆమె కన్న సంపత్ అక్షరం దిద్దక ముందే పోయాడు. ఆమె చదవగలిగిన కాగితాల్లో ఆమెను ఒకరి తల్లి అని రాసింది ఇంకోటి లేదు.

చాలాసేపటికి ఆమె దాన్ని కిటికీ గూట్లో పెట్టి, స్టవ్ మీద తన ఒక్కదానికి అన్నం పెట్టుకోవడానికి లోపలికి పోయింది. గాలికి ఆ కార్డు మెల్లగా విచ్చుకుంది. లోపలి మడతలో, తల్లి సంతకం చేయాల్సిన మూడు గడుల్లో, పిల్లవాడి పెన్సిలు రాత. అదిమి రాయడంతో అట్ట అవతలి వైపుకు పొడుచుకొచ్చిన అక్షరాలు, మూడుసార్లు, ఒకదానికంటే ఒకటి కాస్త గుండ్రంగా: సారవ్వ, సారవ్వ, సారవ్వ.