రేవు కింద పానాలు

రాజధాని హోనియారా నుంచి వచ్చిన ఆఫీసు పెద్దలు యువత సాధికారత గురించి ఎండలో గంటసేపు దంచారు. ఆ తర్వాత పడవ ఇంజన్ల కోర్సు పాసైన పిల్లలకు పానాలున్న పనిముట్ల పెట్టెలు పంచారు. ఎల్మాకీ, వాళ్ళన్న సెల్విన్‌కీ కలిపి ఒక్కటే ఇచ్చారు.

"ఇద్దరూ పాసయ్యారు కదండీ?" అని అడిగాను. ఆ కోర్సు నడిచే సెంటర్లో ఇంజన్ల పని నేర్పేది నేనే.

"ఒకే ఇంటి పిల్లలు కదా మాస్టారూ, సర్దుకుంటార్లెండి," అన్నాడు ఓ పెద్దమనిషి కొబ్బరినీళ్ళు తాగుతూ. నాకు ఒళ్ళు మండింది.

సర్దుకున్నారు, నిజమే. సముద్రపు మడుగు మధ్య రాళ్ళు పేర్చి కట్టుకున్న వాళ్ళ దీవిలో, రేవు పక్కనే రేకుల పాక వేశారు. మొదట్లో అందరూ సెల్విన్‌కే పని చెప్పేవాళ్ళు. "మీ చెల్లి చెయ్యేస్తే నా ఇంజను సిగ్గుపడుతుందిరా," అని వేళాకోళాలు. ఏడాది తిరక్కుండా వాళ్ళే, "ఎల్మా ఉందా?" అని వెతుక్కుంటూ వచ్చారు.

ఆ ఆగస్టులో సెల్విన్ బల్లెం పట్టుకుని చేపలకు దూకాడు. శవమై తేలాడు.

పోయినవాడి వస్తువులు మాలో ఇంట్లో ఉంచరు. వాడు నాటిన కొబ్బరిచెట్లు నరికేస్తారు, వాడినవి నీళ్ళపాలు చేస్తారు. తోడబుట్టినవాళ్ళే వెయ్యాలి, వాళ్ళు లేకపోతే ఇంటిపెద్ద. మళ్ళీ వాటిని ముట్టుకుంటే, పోయినవాడు ఆ ఇంట్లోంచి ఓ పసివాణ్ణి తోడు తీసుకుపోతాడని భయం. బట్టలూ బల్లెమూ అయ్యాక, వాళ్ళ పెదనాన్న మైలాసీ పాకవైపు చూశాడు.

"ఆ పెట్టె కూడా."

"అందులో సగం నాది పెదనాన్నా."

"అన్నను పూడ్చిన మట్టి ఇంకా ఆరలేదు, అప్పుడే వాటాలా?"

నేనుండబట్టలేక, "అది ఈ పిల్ల బతుకుతెరువయ్యా," అన్నాను.

"నువ్వు ఇంజన్లు చూసుకో మాస్టారూ. మా ఇంటి చావులు మేం చూసుకుంటాం."

ఎల్మా తల్లివైపు చూసింది. ఆవిడ, "వాడి చేతులు పడ్డవి నేను చూడలేనే," అని ఏడ్చింది. ఎల్మా పెట్టె మోసుకెళ్ళి రేవు అంచున బోర్లించింది. నిలువెత్తు లోతు కూడా లేదక్కడ. పానాలన్నీ అడుగున స్పష్టంగా కనబడుతూనే ఉన్నాయి.

పాక మూతబడింది. ఎల్మా దుంపల తోట పనికి పోయింది. కొత్త పెట్టె కోసం నేను హోనియారా ఆఫీసుకు ఫోను చేస్తే, "ఒకసారి ఇచ్చాంగా," అన్నారు. బాగుచేసే దిక్కులేక దీవిలో ఒక్కో ఇంజనూ మూలపడింది.

క్రిస్మస్ ముందు, వచ్చే ఏటి కోర్సుకు పిల్లల్ని పిలుద్దామని ఆ దీవికి వెళ్ళాను. నన్ను దింపిన పడవ వెళ్ళిపోయింది. కాసేపటికే రేవులో ఏడుపులు. మైలాసీ మనవడు, నాలుగేళ్ళ టోమా, జ్వరంతో కొట్టుకుంటున్నాడు. తల్లి వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఆస్పత్రికి పోదామని పడవలో కూర్చుంది. మైలాసీ తాడు లాగుతున్నాడు, ఇంజను పలకడంలేదు.

"ఎల్మా! ఒక్కసారి చూడవే తల్లీ!"

ఎల్మా పరుగున వచ్చి మూత తీసింది. "ప్లగ్గు తడిసింది. విప్పి తుడిస్తే చాలు."

"విప్పవే మరి!"

"దేంతో పెదనాన్నా?"

ఇంట్లోంచి పటకారు తెచ్చిచ్చాడు. అది ప్లగ్గు మీద జారిపోయింది. నా పానాలున్న సెంటరేమో ఆస్పత్రికంటే దూరం. ఎల్మా నీళ్ళలోకి వేలు చూపించింది.

"అదిగో, ప్లగ్గు పానా అక్కడే ఉంది. తుప్పుపట్టినా పనికొస్తుంది. ఊఁ అను, దూకుతా."

"మామయ్యా, ఊఁ అనండి!" అని అరిచింది పిల్లాడి తల్లి.

మైలాసీ నీళ్ళవైపు చూశాడు, మనవడివైపు చూశాడు. నేనే దూకుదామని చొక్కా విప్పితే ఇద్దరు మగాళ్ళు నా రెక్కలు పట్టేశారు.

"వద్దు," అన్నాడు చివరికి. "ముట్టుకుంటే సెల్విన్ వీణ్ణే తీసుకుపోతాడు."

తెడ్డు అందుకున్నాడు. ఎల్మా కూడా పడవలోకి దూకి రెండో తెడ్డు పట్టింది. సగం దూరంలోనే, తల్లి ఒళ్ళోనే, పిల్లాడి ప్రాణం పోయింది.

పూడ్చిపెట్టాక మైలాసీయే వాడి వస్తువులు రేవుకు తెచ్చాడు. ఏమున్నాయి గనక, ఓ చొక్కా, పాలు తాగే రేకుగ్లాసు. గ్లాసు నెమ్మదిగా మునిగి పానాల మధ్యకు చేరింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"ఎల్మా, ఆ ప్లగ్గు విప్పేది ఏదే?"

"ఆ గ్లాసు పక్కన ఉందే, అదే పెదనాన్నా."