మడమ వైపు దారి

కళ్లజోళ్ల షాపాయనకు సర్ఫింగ్ పిచ్చి కాలేజీలో పట్టింది. జుట్టు రాలిపోయింది గానీ పిచ్చి అలాగే ఉంది. సెలవు దొరికితే చాలు, కారు మీద బోర్డు కట్టుకుని, మ్యాపులు కూడా పట్టించుకోని తీరపు దారుల్లో పడేవాడు. వెనకే వ్యానులో బావమరిది. ఇద్దరూ వెతికేది ఒకటే, ఎవరి కంటా పడని అల.

అల దొరకడం ఒక ఎత్తు, దాన్ని దాచుకోవడం మరో ఎత్తు. అందుకే ముందు వెళ్లినవాడు దారి చీలిన చోట కంచె రాటకు ఓ పాత చెప్పును మేకుతో కొట్టేవాడు. వేళ్ల వైపు నమ్మి వెళ్తే రాళ్లగుట్ట. మడమ వైపు వెళ్తే అల. ఈ కిటుకు వాళ్లిద్దరికే తెలుసు. తెలియనివాళ్లు రాళ్లు చూసి తిరిగొచ్చేవారు.

నిరుడు షాపాయనకు బుద్ధి గడ్డి తింది. మంచి చోటు దొరికితే బావమరిదికి చెప్పకుండా ఒక్కడే వెళ్లొచ్చాడు. ఆయన భార్య అమాయకంగా తమ్ముణ్ణి అడిగింది: "మీ బావ ఈలలేసుకుంటూ తిరుగుతున్నాడు, కొత్త చోటట. నువ్వెళ్లలేదురా?"

అంతే, బావమరిది మాట్లాడడం మానేశాడు. షాపాయనకు అల మిగిలింది, దాని గురించి చెప్పుకునే మనిషి మిగల్లేదు. ఆగలేక ఒకసారి కళ్ల పరీక్షకొచ్చిన పెద్దాయనకు చెప్పాడు. ఆయన ఓపిగ్గా విని, "ఇప్పుడు కింది వరస చదవమంటారా?" అన్నాడు.

ఇన్నాళ్లకు అంతకన్నా మంచి అల దొరికింది. ఊరు దాటితే ఫోను పనిచెయ్యదని ముందే వాయిస్ మెసేజ్ పెట్టాడు: "ఒరేయ్, ఆదివారం లైట్‌హౌస్ దారిలో రా. చెప్పు పెడతాను." జవాబు రాలేదు.

ఆదివారం పొద్దున్నే రాట దగ్గర ఆగి, ఈసారి దాపరికాలొద్దనుకుని, వేళ్లు సరిగ్గా సముద్రం వైపుకే ఉండేలా చెప్పు కొట్టాడు. కొట్టి, మనసు తేలికపడి నీళ్లలోకి దిగాడు.

అలలు ఒకదాని వెనక ఒకటి నున్నగా వస్తున్నాయి. బోర్డు మీద కూర్చుని గట్టు వైపే చూస్తుంటే దుమ్ము లేచింది. వ్యాను! చీలిక దగ్గర ఆగింది. తర్వాత రాళ్లగుట్ట వైపు తిరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది మడమ సంగతి. అరిచాడు. సముద్రం ముందు ఆయన గొంతెంత? ఏడాదికొకసారి వచ్చే అలను వదిలేసి, తడి బట్టలతోనే కారెక్కాడు.

బావమరిది రాయి మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"మళ్లీనా బావా?"

"కాదురా! ఈసారి నిజమే పెట్టాను."

"మనమెప్పుడైనా నిజం పెట్టుకున్నామా? నాకెలా తెలుస్తుంది?"

బతిమాలి తీసుకొచ్చేసరికి గాలి తిరిగిపోయింది. సముద్రం పళ్లెంలా పడుకుంది.

"ఇదేనా?"

"పొద్దున చూడాల్సింది."

"చూశావుగా, నువ్వు."

బావమరిది వ్యానెక్కాడు. షాపాయన బోర్డు కట్టుకుంటూ, దుమ్ము వెళ్లిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

తిరుగుదారిలో రాట దగ్గర కారు ఆపాడు. చెప్పును ఎవరో పీకి మళ్లీ గట్టిగా కొట్టారు. వేళ్లు రాళ్లగుట్ట వైపున్నాయి, మడమ సముద్రం వైపుంది.

దాన్ని ముట్టుకోకుండా కారెక్కాడు.