విజయ్ పాల్ కట్టిన ఆఖరి రాడ్డు

నరసాపురంలో విజయ్ పాల్ కట్టిన గాలం రాడ్డంటే భీమవరం చెరువుల రాజులు కూడా నెలల తరబడి ఆగేవారు. షాపులో దొరికే రాడ్డు అందరికీ ఒకేలా చేసింది. పాల్ దగ్గర అలా కాదు. వచ్చినవాడి చెయ్యి చూసేవాడు, భుజం చూసేవాడు, ఏ చేపకి, గట్టు మీంచి విసురుతారా, పడవలోంచా అని అడిగేవాడు. అప్పుడు ఉత్త కడ్డీ తెప్పించి, పిడి బిగించి, దాని పొడుగునా గాలం లైను పారే రింగులు ఒక్కొక్కటే అమర్చేవాడు.

"రాడ్డు ప్రాణం కడ్డీలో లేదండి, రింగుల్లో ఉంది" అనేవాడు. "ఉండాల్సిన చోట ఉండకపోతే చేప లాగినప్పుడు బరువంతా ఒక్కచోటే పడి కడ్డీ ఠప్పుమంటుంది. వరస తప్పి పక్కకి ఒరిగాయా, లైను రాసుకుని మీ విసురు సగంలో చచ్చిపోతుంది."

అదంతా నిజమే. నిజం కానిదల్లా, రాడ్డు మొత్తం ఆయనే కడతాడన్నది. రింగు పెట్టేది ఆయన. ఆ రింగు కాళ్ళు కడ్డీకి అంటిపెట్టుకునేలా సన్నటి దారం చుట్టేది ఆయన భార్య దేవకుమారి. పాలకొల్లులో వాళ్ళమ్మ పక్కన కూర్చుని చిన్నప్పట్నుంచీ లేసు అల్లిన చేతులు అవి. పోగు మీద పోగు ఎక్కేది కాదు, పోగుకీ పోగుకీ మధ్య సందుండేది కాదు. వచ్చినవాళ్ళు ఆ చుట్టు మీద గోరు రాసి చూసి, "ఏం చెయ్యండీ మీది!" అంటే పాల్ నవ్వి ఊరుకునేవాడు. ఎవరో ఒకాయన, "మీ ఆవిడ గారు కూడా చేస్తారా?" అని అడిగితే, "మా ఆవిడా? దారాలు అందిస్తుందండి" అన్నాడు. టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో ఉన్న దేవకుమారి ఆ మాట విని, కప్పులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఒకసారి ఆమె సరదాపడి, చుట్టు చివర నీలం దారంతో చిన్న పువ్వు తేల్చింది. పాల్ అది చూసి, నలుగురు కూర్చుని ఉండగానే బ్లేడు తీసి పర్రున కోసేశాడు. "ఇది రాడ్డే. దిండు గలీబు కాదు."

షుగరు జబ్బు ఆయన్ని వెనక నుంచి వచ్చి పట్టుకుంది. ముందు కాళ్ళూ, వేళ్ళ కొసలూ మొద్దుబారాయి. తరవాత కళ్ళు. డాక్టరు గారు లేజరు చేయించుకోమంటే, పండగలు అయ్యాక చూద్దామన్నాడు. అయ్యేసరికి చూడ్డానికి చూపు లేదు. వెలుగూ నీడా తెలిసేది, అంతే. ఆ సంగతి దేవకుమారికి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని కంఠతా వచ్చిన పాటలే పాడేవాడు. బజారులో ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని నడిచేవాడు. ఈ వయసులో కూడా ఎంత అన్యోన్యంగా ఉన్నారో అనుకునేవారు జనం. రాడ్డు పని దగ్గర ఆమె కళ్ళతో చూసేవాడు. "మూడోది కుడికి జరిగిందండి" అని ఆమె అంటే జరిపేవాడు. మనిషెవరైనా వస్తే మాత్రం రాడ్డు ఎత్తి, ఎడమ కన్ను మూసి, పిడి వైపు నుంచి కొస దాకా చూసినట్టు చూసి, "సరిగ్గా ఉంది" అనేవాడు.

క్రితం ఏడాది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం తుని ఆసామీ రాడ్డు మీద జిగురు పూశారు. చుట్టిన దారం మీద ఆ జిగురు గట్టిపడేదాకా రాడ్డు మెల్లగా తిరుగుతూనే ఉండాలి, లేకపోతే ఒక పక్కకి కారి బొట్లు కడుతుంది. తిప్పడానికి చిన్న మోటారు ఉంది. కరెంటు పోయింది. దేవకుమారి చేత్తో తిప్పుతూ కూర్చుంది. అప్పుడే తమ్ముడు సాల్మన్ పాలకొల్లు నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మకి ఏం బాలేదు. నిన్నే అడుగుతోంది. ఉన్నపళంగా వచ్చెయ్."

పాలకొల్లు ఎంత దూరం? బస్సెక్కితే అరగంట.

"కాసేపు మీరు తిప్పండి, వెళ్ళొస్తాను" అంది భర్తతో.

"మాత్ర వేసుకున్నాను, నిద్రొస్తోంది. ముసలాళ్ళు అలాగే పిలుస్తుంటారు. జిగురు ఆగదే. మీ అమ్మ ఆగుతుంది" అని ఆయన చాప మీద ఒరిగాడు.

ఆమె తిప్పింది. కరెంటు రాలేదు. ఫోన్ మళ్ళీ మోగింది, మళ్ళీ మోగింది. చేతులు ఖాళీ లేక తియ్యలేదు. జిగురు వేలికి అంటకుండా ఆరాక చెప్పులేసుకుని పరిగెత్తింది. వెళ్ళేసరికి తల్లి గడ్డం కింద నుంచి గుడ్డ కట్టేసి ఉంది. ఆ గుడ్డ కూడా లేసు అంచుదే.

ఆమె ఏడ్చింది గానీ భర్తని ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి ఆయన మర్చిపోయాడు.

ఈ ఏడు వానలు తగ్గాక పెద్దిరాజు గారు వచ్చారు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న మనిషి, గాలం వేటంటే పిచ్చి. ఏటా స్నేహితులంతా అంతర్వేదిలో, గోదావరి సముద్రంలో కలిసేచోట ఒకరోజు పండుగొప్ప చేపల వేట పెట్టుకుంటారు. "ఈసారి మా వాళ్ళ కళ్ళు కుట్టాలి పాల్ గారూ. మీరు స్వయంగా రావాలి, నా చేతికి మీరే ఇవ్వాలి" అన్నారు.

ఆ మాటతో పాల్‌కి ఎక్కడ లేని పౌరుషం వచ్చింది. "ఈ రాడ్డుకి నీ కళ్ళు అక్కర్లేదు" అన్నాడు దేవకుమారితో. రింగుల పెట్టె ముందు పెట్టుకుని, ఏది కావాలో చెప్పి, ఒక్కొక్కటే అరచేతిలో పెట్టించుకున్నాడు. పిడి దగ్గరికి ఎత్తు కాళ్ళున్న పెద్ద రింగు. రీలు మీంచి లైను సుళ్ళు తిరుగుతూ లేస్తుంది, ముందు దాన్ని అదుపులోకి తేవాలి. తరవాతది దానికన్నా చిన్నది, కొసకి వెళ్ళేకొద్దీ ఇంకా చిన్నవి, తేలికవి. స్టీలువి వద్దన్నాడు, ఉప్పుగాలికి తుప్పు పడతాయని. కడ్డీని వంచి వంచి చూసి, ఎక్కడ ఎక్కువ ఒంగుతుందో అక్కడ రింగులు దగ్గర దగ్గరగా పెట్టాడు. చిన్న రబ్బరు ముక్కలతో వాటిని తాత్కాలికంగా నిలిపి, పిడి నుంచి కొస దాకా బిగువుగా ఒక దారం లాగించాడు. వేళ్ళకి స్పర్శ లేదు కనక వంగి, ఆ దారం రింగుకి ఎక్కడ తగులుతోందో పెదవితో తడిమి చూశాడు. ఒక్కో రింగూ వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ పెదవి ఆనించి, మళ్ళీ జరిపి, పొద్దున్న మొదలుపెట్టినవాడు భోజనాల వేళకి తల ఎత్తాడు.

"చూసి చెప్పు. సూటిగా ఉన్నాయా?"

దేవకుమారి రాడ్డు ఎత్తి చూసింది. బావిలోకి తొంగి చూస్తే ఒరలు ఒకదాని లోపల ఒకటి కనిపించినట్టు, పెద్ద రింగులో చిన్నది, అందులో ఇంకా చిన్నది, నట్టనడుమ ఆకాశం చుక్క. కళ్ళున్న రోజుల్లో కూడా ఆయన ఇంత బాగా పెట్టలేదు. ఎన్నో ఏళ్ళ తరవాత ఆయన మీద ప్రేమ లాంటిదేదో కదిలింది. చెప్పబోయింది.

ఆయన ఆగలేదు. "చూశావా? కళ్ళు పోయినా నేను నేనే. నీకు కళ్ళుండి ఏం లాభం? దారం చుట్టడానికేగా! మీ అమ్మా అంతే, బతుకంతా లేసు అల్లీ అల్లీ పోయింది. ఊళ్ళో ఒక్కడికైనా దాని పేరు తెలుసా?"

దేవకుమారి రాడ్డు మెల్లగా దించింది.

"సూటిగానే ఉన్నాయండీ" అంది.

ఆయన అన్నం తిని పడుకున్నాక ఆమె దారం చుట్టడానికి కూర్చుంది. మొదటి రింగు ఆయన పెట్టినట్టే కట్టింది. రెండో రింగు దగ్గర బొటనవేలు ఆగింది. కొంచెం కుడికి తోసింది. దాని తరవాతది ఎడమకి. ఎంత దూరాన ఉన్నవి అంత దూరానే ఉంచింది, పక్కకి మాత్రమే ఒరగనిచ్చింది. ఆ మధ్యాహ్నం చుట్టినంత నున్నగా ఆమె ఎప్పుడూ దారం చుట్టలేదు. జిగురు పూసి ఆరాక ఆయన రాడ్డు పొడుగునా చెయ్యి జరిపి, మొద్దుబారిన వేళ్ళతో రింగులు లెక్కపెట్టుకుని తృప్తిగా తల ఊపాడు.

వేట రోజున ఇద్దరూ పంటు మీద గోదావరి దాటి, సఖినేటిపల్లిలో ఆటో ఎక్కి అంతర్వేది చేరారు. ఇసకలో షామియానా వేశారు, ఒక పక్క డేగిసాల్లో బిర్యానీ ఉడుకుతోంది. పాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య భుజం పట్టుకుని నడిచి, పెద్దిరాజు గారి గొంతు వినిపించిన వైపు తిరిగి రాడ్డు రెండు చేతులా అందించాడు. చప్పట్లు కొట్టారు.

పెద్దిరాజు గారు రాడ్డు కంటికి ఆనించారు. ఆయన మొహంలో నవ్వు ఆగింది.

"ఇదేంటండీ పాల్ గారూ? ఎద్దు ఉచ్చ పోసినట్టుంది!"

"హాస్యాలకేం గానీ రాజుగారూ, విసిరి చూడండి."

"విసరడమేంటి, రింగులు తలోదిక్కూ చూస్తుంటే! మీరే చూడండి."

పాల్ రాడ్డు తీసుకుని, ఎడమ కన్ను మూసి, అలవాటైన తీరులో కొస దాకా చూశాడు. "మీరు చూడ్డంలో ఉందండి. అన్నీ ఒకే వరస."

చుట్టూ చేరినవాళ్ళు మొహాలు చూసుకున్నారు. పెద్దిరాజు గారి బావమరిది వంశీ మాత్రం రాడ్డుని కాదు, పాల్ కళ్ళని చూస్తున్నాడు. అందర్నీ ఊరుకోమని సైగ చేసి, తన రాడ్డు తీశాడు. పాత రింగులు ముందే పీకేసి, కొత్తవి వేయించుకోడానికి తెచ్చుకున్నది అది. పిడి తప్ప దాని మీద ఏమీ లేదు. అది పాల్ చేతిలో పెట్టాడు.

"పోనీ ఇది చూడండి. ఇదీ మీరు కట్టిందే. ఇదెలా ఉంది?"

పాల్ అదీ ఎత్తాడు. ఎడమ కన్ను మూశాడు. కాసేపు చూశాడు. "ఇదిగో, దీన్ని చూడండి. ఒక్క రింగైనా పక్కకుందా? అదీ ఇలాగే ఉంది."

ఒక్కసారిగా నవ్వు లేచింది. వంశీ ఇసకలో కూలబడి నవ్వాడు. "దానికి రింగులెక్కడున్నాయి పాల్ గారూ!" ఒకాయన ఆయన మొహం ముందు అరచెయ్యి ఆడించి చూశాడు. ఇంకొకాయన ఫోన్‌లో వీడియో తీస్తూ, "ఇంకోసారి చూడమనండి, ఇంకోసారి" అన్నాడు.

పాల్ పెదవులు తెల్లబడ్డాయి. చెయ్యి గాల్లో వెతికి భార్య భుజం దొరకబుచ్చుకుంది. "దేవా, చెప్పు. నువ్వు చూశావుగా. చెప్పు వీళ్ళకి."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నాకేం తెలుస్తుందండీ?" అంది దేవకుమారి. "నేను దారాలు అందించేదాన్ని."

మళ్ళీ నవ్వారు. పెద్దిరాజు గారు ఒక్కరే, "ముందే చెప్పుంటే బాగుండేది కదండీ" అని గొణిగి, వాళ్ళిద్దరికీ రెండు ప్లేట్లు పెట్టించమన్నారు. వంశీ కొత్త రాడ్డుని తీసుకెళ్ళి కాకులు వాలకుండా డేగిసాల పక్కన ఇసకలో గుచ్చి, కొసకి ఒక నల్ల కవరు కట్టాడు. ప్లేటు ఒళ్ళో పెట్టుకుని పాల్ అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోటి దాకా రాలేదు. దేవకుమారి మాత్రం కడుపునిండా తింది. తిన్నందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

పంటు మీద తిరిగొస్తున్నప్పుడు ఆయన ఒక్కటే మాటన్నాడు. "వేళ్ళు పోయాయనుకున్నాను. పెదవి కూడా పోయిందన్నమాట."

ఆదివారానికి ఆ వీడియో ఊరంతా చూసింది. పాల్ చర్చికి వెళ్ళడం మానేశాడు. కొన్నాళ్ళకి పెద్దిరాజు గారు మొహమాటపడుతూ వచ్చి, ఇంకో కడ్డీ తెచ్చాననీ ఎవరైనా మంచి పనివాళ్ళుంటే చెప్పమనీ అడిగారు. లోపలి గదిలోంచి పాల్ గొంతు వినిపించింది.

"మా ఆవిడకివ్వండి రాజుగారూ. మొదట్నుంచీ కట్టేది తనే. నేను చెప్పలేదంతే."

ఆ మాట కోసం దేవకుమారి సగం జీవితం ఎదురుచూసింది. వచ్చేసరికి ఎండిపోయిన రొట్టెలా ఉంది. తీసుకుంది.

ఆ సాయంత్రం ఆమె వరండాలో కొత్త రింగులు ఏరుతుంటే ఆయన గోడ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఒకటడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు నేను పెట్టినప్పుడు నువ్వు చూశావు. అవి సూటిగా ఉన్నాయా? ఉన్నాయంటే చెప్పు దేవా. ఎక్కడ తప్పిందో ఆలోచించుకుంటాను. ఇంకోటి కట్టి చూస్తాను. నాకింకేం పని చేతనవును?"

ఆయన మొహం ఆమె వైపు కాకుండా కాస్త పక్కకి తిరిగి ఉంది. గడ్డం మాసింది. చొక్కా గుండీలు ఒకటి కిందకి పెట్టుకున్నాడు. ఒక్క మాటంటే చాలు. ఆ మాట ఆమె నాలుక మీదే ఉంది.

"సూటిగా లేవండీ" అంది. "మీ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఉన్నాయన్నాను."

ఆయన చెయ్యి చాపి, ఆమె తల దొరికేదాకా తడిమి, నిమిరాడు. పెళ్ళయ్యాక ఎప్పుడూ అలా నిమిరిన మనిషి కాడు.

"నువ్వు మంచిదానివి దేవా" అన్నాడు.

ఆమె కాదనలేదు. ఆయన మళ్ళీ రాడ్డు ముట్టుకోలేదు.