మా జీపు వెనక మోత

ఆదివారం మధ్యాహ్నం శ్రీహరి వచ్చేలోపు కావలసిన పనులు ఇవి. జీపును చదునైన చోట నిలపాలి. వెనక ఇరుసు మధ్యలో ఉండే ఇనప బుర్రకు, అంటే మావైపు హౌసింగ్ అనేదానికి, పై బిరడా ముందు విప్పాలి, కింది బిరడా తర్వాత. పాత ఆయిల్ దించాలి. అందులో ఇనప ముక్కలు ఉన్నాయేమో చూడాలి. లేకపోతే లోపల కడిగి కొత్త ఆయిల్ నింపాలి. మోత ఎందుకు వస్తోందో కనిపెట్టాలి. ఆఖరిది, అన్నిటికంటే కష్టమైనది, జీపు అమ్మనని మా నాన్న నోటితో చెప్పించాలి.

మా నాన్న శ్రీమన్నారాయణ బొల్లాపల్లి నుంచి వినుకొండకు జీపు తోలతాడు. మిరప కోతల రోజుల్లో కూలీలను చేలకు తీసుకెళతాడు. నేను పుట్టకముందు నుంచీ ఆయన పని ఇదే. ఈమధ్య జీపు వెనక నుంచి ఒక మోత మొదలైంది. వేగం పెరిగేకొద్దీ అది ఏడుపులా సాగేది. వినుకొండలో ఒక మెకానిక్ బండి కిందికి తల కూడా పెట్టకుండా, మోత విని, క్రౌన్ పోయింది, మొత్తం మార్చాలన్నాడు. క్రౌన్ అంటే ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే పళ్ల చక్రం. దాన్ని మార్చే స్తోమత మాకు లేదు. నాన్న ఆ సాయంత్రమే నరసరావుపేటలో పాత బళ్లు కొని విడిభాగాలుగా అమ్మే శ్రీహరికి ఫోన్ చేశాడు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్ పని కూడా మాట్లాడుకున్నాడు.

ఇంట్లో కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చునే మనిషి మా నాన్న. స్టీరింగ్ ముందు కూర్చుంటే మాత్రం దారి పొడుగునా అందరికీ బాబాయి. ఆ స్టీరింగ్ పోతే ఆయన ఏమైపోతాడో అమ్మకూ నాకూ తెలుసు. అందుకే విప్పి చూద్దామన్నాను.

"నిన్ను డిగ్రీ చదివించింది బండి కింద దూరడానికా ఏంది?" అన్నాడు నాన్న.

"చదివింది ఫిజిక్సే గదా నాన్నా. ఇదీ అదే."

"ఆ ఫిజిక్సు పుస్తకంలో ఉంటది. ఇది మురికిలో ఉంటది."

మా అమ్మ నాగేంద్రమ్మ కొంగు బిగించింది. "ఎట్టాగూ ముక్కలు చేసేవాడికే ఇస్తన్నావుగా. మనం విప్పితే మైలపడిద్దా?"

"మీ ఇష్టం. నన్ను మాత్రం పిలవమాకండి," అని నాన్న కుర్చీని రోడ్డు వైపుకు తిప్పుకుని కూర్చున్నాడు.

మా వాకిలికి నాపరాళ్లు పరిచి ఉన్నాయి. అమ్మ చెంబుతో నీళ్లు పోసింది. ఒకచోట నీళ్లు ఎటూ జారకుండా నిలబడ్డాయి. జీపును అక్కడికి తెచ్చి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాను. చదును ఎందుకంటే, కొత్త ఆయిల్ నింపేటప్పుడు పై రంధ్రం అంచుదాకా రావాలి. బండి వాలి ఉంటే ఆ లెక్క తప్పుతుంది.

ముందు ఆ పై బిరడా కనబడితేగా. ప్రతి దసరాకూ నాన్న హౌసింగ్‌కు ఎర్ర రంగు వేయిస్తాడు. పొర మీద పొర పేరుకుని బిరడా అందులో పూడిపోయింది. గీకి గీకి బయటపెట్టాను. పానా వేస్తే కదలలేదు. ఫోన్లో ఒకాయన హిందీలో చెబుతున్న వీడియో మళ్లీ పెట్టాను.

"ఏమంటన్నాడే ఆయన?" అంది అమ్మ.

"ఇది రాకుండా కిందిది విప్పొద్దంట. ఆయిల్ కారిపోయాక పైది రాకపోతే నింపడానికి దారుండదు."

"అది మాకూ తెలుసని చెప్పు. ఎట్టా విప్పాలో చెప్పమను."

పానాకు బోరు పైపు ముక్క తొడిగాం. నేను లాగితే కాళ్లు జారుతున్నాయి. అమ్మ నన్ను పక్కకు జరగమని, గోనెసంచి మీద వెల్లకిలా పడుకుని, రెండు పాదాలు టైరుకు తన్నిపెట్టి లాగింది. రాలేదు. డీజిల్ రాసి, ఒక టీ తాగేంతసేపు ఆగి మళ్లీ లాగింది. ఎండు కర్ర విరిగినట్టు చప్పుడైంది. రోడ్డు వైపు చూస్తున్న నాన్న మెడ కాస్త ఇటు తిరిగింది.

తర్వాత కింది బిరడా. పాత రంగు డబ్బా పెట్టి విప్పాను. నల్లటి ఆయిల్ రావాలి. పాలు ఎక్కువైన టీ వచ్చింది.

"ఇదేందే, లోపల హోటలు పెట్టారా?" అంది అమ్మ, మొహం మీద పడ్డ చుక్కలు తుడుచుకుంటూ.

ఆయిల్‌లో నీళ్లు కలిస్తే అలా మారుతుంది. అంతా పలచటి గుడ్డలో వడగట్టాను. ఇనప ముక్క ఒక్కటి లేదు, మెత్తటి బూడిద లాంటి పొడి తప్ప. అంటే పళ్లు విరగలేదు. కానీ నీళ్లు ఎలా దూరాయి?

ఇరుసు పైభాగాన వేలెడు మూత ఒకటి ఉంటుంది, లోపలి గాలి వచ్చి పోవడానికి. దాన్ని విప్పి ఊదితే గాలి పోలేదు. రేగడి మట్టి దాని నిండా గడ్డకట్టింది. అప్పుడు అర్థమైంది.

నాన్న రోజూ ఆఖరి ట్రిప్పు దింపి వస్తూ, సాగర్ కాలవలోకి దారి ఉన్న చోట జీపును వెనక ఇరుసు మునిగేదాకా దించి కడుగుతాడు. అంత శుభ్రంగా బండి ఉంచుకునేవాళ్లు ఈ రోడ్డులో ఇంకొకరు లేరని ఆయన గొప్ప. రోజంతా తిరిగిన హౌసింగ్ వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్లలో పడగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. పైన గాలి దారి మూసుకుపోయింది కాబట్టి, చక్రాల దగ్గర సీలు సందుల్లోంచి నీళ్లను లోపలికి పీల్చుకుంది. నీళ్లు కలిసిన ఆయిల్‌కు జారుడు పోయి, పళ్లు ఒకదానికొకటి రాసుకుని ఆ మోత.

అమ్మకు చెప్పాను. "కారేజీలో వేడన్నం పెట్టి మూతేస్తే, చల్లారినాక మూత ఊడి రాదే, అట్టానా?" అంది.

"అదే అమ్మా."

"ఆయనకు చెప్పమాకే. చానా బాధపడతాడు."

చెప్పకపోతే సోమవారం మళ్లీ కాలవలోకి దించుతాడు. నేను చేతులు తుడుచుకుని నాన్న కుర్చీ ముందుకు వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"అంటే కడిగి కడిగి నేనే చంపానంటావు."

"చావలేదు నాన్నా. పళ్లన్నీ బాగున్నాయి. నువ్వే వచ్చి చూడు."

రాడనుకున్నాను. వచ్చాడు. వడగట్టిన గుడ్డను ఎండకు పట్టి చూశాడు, పొడిని వేళ్ల మధ్య నలిపాడు. మూతలోని మట్టిని పిన్నీసుతో తీసి తనే ఊది చూశాడు. తర్వాత జాకీ తీసుకున్నాడు.

"లోపల కడగాలంటే చక్రాలు తిప్పాల. నీకు రాదులే, ఇటు జరుగు."

"ఇందాక పిలవొద్దన్నావుగా," అంది అమ్మ.

"పిలిచావా? నేనే వచ్చా."

వెనక చక్రాలు లేపి తాటి మొద్దుల మీద నిలిపాం. పలచటి ఆయిల్, డీజిల్ కలిపి పోసి, నాన్న చక్రాలు తిప్పుతుంటే, రంగు తేటపడేదాకా దించుతూ పోస్తూ వచ్చాం. కొత్త తొంభై నంబర్ గేరు ఆయిల్ డబ్బాను అమ్మ అప్పటికే నాపరాయి మీద ఎండలో పెట్టింది. బెల్లంపాకంలా ఉండేది నువ్వుల నూనెలా పలచబడింది. చక్రాలు కిందికి దించి, తాపీవాళ్లు మట్టం చూసే సన్నటి ట్యూబుతో పై రంధ్రం నుంచి చుక్క బయటికి కారేదాకా నింపాం.

శ్రీహరి వచ్చేసరికి నాన్న చేతులు కడుక్కుంటున్నాడు. అందరం జీపెక్కి రోడ్డు మీదికి వెళ్లాం. అబద్ధం చెప్పను, మోత పూర్తిగా పోలేదు. ఏడుపు తగ్గి, మూలుగు మిగిలింది.

"ఇంకా కూస్తానే ఉందిగా బాబాయ్," అన్నాడు శ్రీహరి. "ఇయ్యాల తగ్గింది, రేపు పెరిగిద్ది. ఇప్పుడిస్తేనే నీకు మంచిది."

నాన్న జీపును పక్కకు ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకునే చెప్పాడు. "వేడి మీద కాలవలో దించి నేనే పాడుచేశా. మా ఇంటోళ్లు కింద పడుకుని బాగుచేశారు. ఇప్పుడు దీన్ని నీకిస్తే మళ్లీ వాళ్ల మొహం ఎట్టా చూడాల? ఇది అమ్మను శ్రీహరీ."

"మరి పేట నుంచి వచ్చిన నా డీజిలు?"

"ఇంటికొచ్చి భోంచేసి పో."

నాన్న ఇప్పుడు జీపు చల్లారాక, వాకిట్లో బకెట్టు నీళ్లతో కడుగుతున్నాడు. మూలుగు అలాగే ఉంది, పెరగలేదు. నెలకోసారి అమ్మ కింద దూరి, పై బిరడా విప్పి, చిటికెన వేలు పెట్టి ఆయిల్ అంచుదాకా ఉందో లేదో, రంగు మారిందో లేదో చూసి చెబుతుంది. మీరెప్పుడైనా వినుకొండ నుంచి బొల్లాపల్లికి మా జీపులో వస్తే, దిగేటప్పుడు నాన్నకు వెళ్లొస్తామని చెబుతారు, అందరూ చెబుతారు. ఆ బండి ముందు సీట్లో ఏనాడూ కూర్చుని ఎరగని నాగేంద్రమ్మను కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.