తోక తెగిన మాట

దగ్గరికి జరగండమ్మా. నాయనా, నువ్వు కూడా ఆ గుమ్మంలోంచి లేచి ఇలా వచ్చి కూర్చో. ఇందులో నెత్తురుంది, ముందే చెబుతున్నాను. కళ్ళు మూసుకోవాలనుకున్నవాళ్ళు మూసుకోండి, చెవులు మాత్రం మూసుకోకండి.

ఒక అట్టల గోదాములో ఉన్న కూలీల్లో ఇద్దరు మనుషులు జంటగా పనిచేసేవాళ్ళు. దుకాణాలవాళ్ళు పారేసిన అట్టపెట్టెలు లారీల్లో అక్కడికి వస్తాయి. వాటిని ఒక యంత్రం నోట్లో పోస్తే, పైనుంచి మంచమంత ఇనప పలక దిగి, వాటిని అణిచి దిమ్మలు చేస్తుంది. ముందు నిలబడి మీటలు నొక్కేవాణ్ణి అందరూ గూడ్సు అని పిలిచేవాళ్ళు. మనిషి గూడ్సుబండి లాంటివాడే. కదలడానికి అరగంట పడుతుంది, కదిలాక ఆపడం ఎవరి తరమూ కాదు. యంత్రం వెనక నిలబడి దిమ్మలకు తీగలు బిగించేవాడు రెండోవాడు. వాడి పేరు తీగలవాడనే పడిపోయింది. మనిషి సన్నం, చెయ్యి చురుకు, నోరు మాత్రం కత్తెర.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరికీ చెడింది. దేనికంటే చెప్పుకోవడానికే సిగ్గు. గూడ్సు కుర్చీని తీగలవాడు లాక్కెళ్ళి తనవైపు వేసుకున్నాడు.

"నా కుర్చీ ఇటు పెట్టరా."

"రోజంతా ఒక్క వేలితో పనిచేసేవాడికి కుర్చీ ఎందుకురా? వేలు నొప్పెడుతోందా? చెప్పు, వేలికి సరిపడా చిన్న పీట చేయిస్తాను."

అందరూ పగలబడి నవ్వారు. గూడ్సు కదిలాడు. నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి, ముక్కు మీద ఒక్కటి గుద్దాడు. ఎముక పటుక్కుమంది. తీగలవాడు చేతిలో ఉన్న పట్టకారుతోనే తిరిగి కొట్టాడు. గూడ్సు కనుబొమ్మ చీలి నెత్తురు కంట్లోకి దిగింది. ఇద్దరూ అట్టల మీద పడి దొర్లుతూ ఒకళ్ళ గొంతు ఒకళ్ళు పట్టుకుంటే, నలుగురు పట్టి విడదీయాల్సి వచ్చింది. అప్పుడు గూడ్సు అరిచాడు చూశారూ, వాడి కొంప ముంచింది ఆ అరుపే.

"ఇంకోసారి నా జోలికొస్తే నీ చెయ్యి విరిచి నీ చేతికే ఇస్తా!"

పదిమంది విన్నారు ఆ మాట.

కాసేపటికి యంత్రంలో అట్ట ఇరుక్కుంది. అది కొత్త యంత్రం, వచ్చి పదిహేను రోజులే. దానికో చిన్న తెర ఉంది, ఏం చెయ్యాలో మన భాషలోనే చెబుతుంది. మేస్త్రీ కూడా అందరితో గట్టిగా అన్నాడు: "తెర చెప్పింది చెయ్యండి. సొంత తెలివి ఇంటిదగ్గర పెట్టి రండి." గూడ్సు తెర చూశాడు. 'అట్ట ఇరుక్కుంది' అని ఉంది. దాని కింద 'పచ్చ మీట నొక్కండి' అని ఉంది. పగిలిన ముక్కు కడుక్కోవడానికి వెళ్ళిన తీగలవాడు ఇంకా కుళాయి దగ్గరే ఉన్నాడనుకున్నాడు గూడ్సు. నొక్కాడు.

తీగలవాడు అప్పటికే తిరిగొచ్చాడు. వెనక తలుపులోంచి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఇరుక్కున్న అట్ట లాగుతున్నాడు.

ఆ అరుపు ఎలా ఉందో చెప్పమని నన్ను అడక్కండి. అరుపు ఆగిపోయాక కూడా పలక దిగుతూనే ఉందని మాత్రం చెబుతాను. ఆ దిమ్మ బయటికి వచ్చినప్పుడు ఒక పక్క ఎర్రగా ఉంది. తీగలవాడి కుడిచెయ్యి మోచేతి కింద లేదు.

గోదాములో వాళ్ళంతా గూడ్సు మీద పడ్డారు. కాళ్ళతో తన్నారు, కొక్కేలతో కొట్టారు. "అన్నంత పనీ చేశావు కదరా!" అంటూ ఒకడు వాడి తల పట్టుకుని యంత్రానికేసి మోదాడు. మేస్త్రీ అడ్డం పడకపోతే అక్కడే ప్రాణం పోయేది. పోలీసులు వచ్చి రాసుకున్నారు. తీగలవాడికి తెలివొచ్చి నోరు విప్పాక, వాడేం చెబితే దాన్నిబట్టి కేసు కడతామని వెళ్ళిపోయారు.

గూడ్సుకు ఒక చెల్లెలుంది. ఇంట్లో చిన్నది అంటారు. నెత్తురోడుతూ ఇంటికొచ్చిన అన్నను చూసి వదిన గోడకు చేరగిలబడిపోతే, గుడ్డ తడిపి మొహం తుడిచింది చిన్నదే.

"నిజం చెప్పన్నయ్యా. కోపంలో నొక్కావా?"

"తెర నొక్కమంది."

"మనిషి లోపలుంటే తెర నొక్కమనదు."

"మీ ఆఫీసు తెరే కదే! వెళ్ళి దాన్నే అడుగు!"

నిజమే, ఆ తెర చిన్నది పనిచేసే ఆఫీసుదే. తెర మీద ఏముండాలో ఆమెకు తెలుసు. లోపలి మనిషి బయటికి వచ్చాకే మీట నొక్కాలని అందులో ఉంది. అంటే అన్న అబద్ధమాడుతున్నాడు. ఆ ఆలోచన రాగానే, నెత్తురు పిండుతున్న గుడ్డ ఆమె చేతిలోంచి జారిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ ఆమె పనేమిటంటారా? చెబుతాను, కంగారు పడకండి. యంత్రం నడవడానికి ప్రోగ్రాం రాసేవాళ్ళు వేరే భాషవాళ్ళు. వాళ్ళు రాసిన ముక్కలన్నీ కలిపి యంత్రంలో ఎక్కించడానికి తయారుచేసే పనిని బిల్డు అంటారు. ఆ బిల్డు నడిచేటప్పుడు, తెర మీద కనబడే మాటలను మాత్రం ఏరి ఒక జాబితా చెయ్యాలి. ఆ జాబితా అనువాదం చేసేవాళ్ళకు వెళుతుంది. వాళ్ళు మన భాషలో రాసి పంపితే, తిరిగి యంత్రంలో కూర్చుంటాయి. ఏరకుండా వదిలేసిన మాట తెర మీద కనబడదు, అక్కడ ఖాళీగా ఉంటుంది. ఆ ఏరే పనిముట్టు చిన్నది కట్టింది. అందుకే ఆఫీసులో ఆమెను జల్లెడ అంటారు.

జాబితా తీసి చూసింది. 'పచ్చ మీట నొక్కండి.' అంతే ఉంది. ప్రోగ్రాం తెరిచి చూసింది. రాసినవాడు ఆ వాక్యాన్ని రెండు వరసల్లో రాసి, రెండూ కలిపి చదవమని మధ్యలో కూడిక గుర్తు పెట్టాడు. మనమైతే 'లోపలి మనిషి బయటికి వచ్చాక మీట నొక్కు' అంటాం. జాగ్రత్త ముందు చెప్పి, పని తర్వాత చెబుతాం. వాళ్ళ భాషలో పని ముందు, జాగ్రత్త వెనక. మొదటి వరసలో 'మీట నొక్కు' ఉంది. రెండో వరసలో 'లోపలి మనిషి బయటికి వచ్చాక' ఉంది. పనిముట్టు మొదటి వరస తీసుకుని రెండోది వదిలేసింది.

అన్న అబద్ధమాడలేదు. అది తెలిసిన సంతోషం ఆమెకు రెప్పపాటు కూడా నిలవలేదు.

ఆర్నెల్ల కిందట ఆ పనిముట్టు ఇలాంటి వాక్యం తగిలినప్పుడల్లా బిల్డును ఆపేసేది. ప్రోగ్రాం రాసేవాళ్ళు మండిపడేవాళ్ళు. "నీ జల్లెడ మా పీక మీద కూర్చుందమ్మా" అని మేనేజరు చికాకుపడితే, ఆమే దాని నోరు మూసింది. రెండు వరసలుంటే మొదటిది తీసుకుని ముందుకు పొమ్మని రాసింది. నాలుగే నాలుగు అక్షరాల మార్పు. ఆ సాయంత్రం అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంతలో వదిన ఫోను.

"తీగలవాడి అన్న వచ్చాడే! తలుపు బద్దలుకొట్టి మీ అన్నను ఈడ్చుకుపోయాడు. వాళ్ళ కొట్టుకే... పరిగెత్తవే తల్లీ!"

తీగలవాడి అన్న కసాయి. మూడు వీధుల అవతల మాంసం కొట్టు. చిన్నది వెళ్ళేసరికి షట్టరు సగం దించి ఉంది. కిందనుంచి దూరింది. ఇద్దరు మనుషులు గూడ్సు భుజాల మీద మోకాళ్ళు పెట్టి అదిమి ఉంచారు. వాడి కుడిచెయ్యి మాంసం కొట్టే మొద్దు మీద ఉంది, మణికట్టు దగ్గర తాడుతో కట్టేశారు. కసాయి కత్తి ఎత్తి పట్టుకున్నాడు.

"నా తమ్ముడికి ఎక్కడిదాకా పోయిందో, అక్కడిదాకానే తీస్తాను. ఒక్క అంగుళం ఎక్కువ తియ్యను, న్యాయం తప్పను" అంటున్నాడు.

"అన్నా, ఆగు! ఆ చెయ్యి కాదు, ఇది!" చిన్నది తన కుడిచెయ్యి తెచ్చి మొద్దు మీద పెట్టింది.

"నువ్వెవరివే? బయటికి పో!"

"వీడి చెల్లెల్ని. నీ తమ్ముడి చెయ్యి తీసింది వీడు కాదు, నేను. ఆ తెర మీది మాట నాది."

"పిచ్చెక్కిందా దీనికి? లాగండ్రా పక్కకు!"

"ఒక్క మాట విని నరుకు. ఎదురుగా ఒకడు మొద్దు మీద ఎముక పట్టుకున్నాడనుకో, నువ్వు కత్తి ఎత్తావు. నీకు చెప్పేవాడు ఏమంటాడు? 'వాడు చెయ్యి తీశాక కొట్టు' అంటాడు. అవునా?"

కత్తి గాల్లోనే ఉంది.

"ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళు దాన్ని తిరగేసి అంటారన్నా. 'కొట్టు, వాడు చెయ్యి తీశాక' అంటారు. నేను దాన్ని 'కొట్టు' దగ్గర తెంపేశాను. నీ చెవిలో పడింది 'కొట్టు' ఒక్కటే. ఏం చేస్తావు?"

కసాయి తన కత్తి వైపు చూశాడు, గూడ్సు చేతి వైపు చూశాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు.

"తెగుతుందని నీకు తెలుసా?"

తెలియదంటే సరిపోయేది. అక్కడ ఆమెను కాదనేవాడు ఎవడూ లేడు.

"మాటలు తెగుతాయని తెలుసు. ఏ మాట తెగిందో చూడలేదు."

కసాయి కత్తి తిరగేశాడు. దాని మందపాటి వీపుతో ఆమె చేతి మీద బలంగా కొట్టాడు. మధ్యవేలు, ఉంగరంవేలు ఎండుపుల్లల్లా విరిగాయి. చిన్నది అరవలేదు, ఊపిరి అందలేదు అరవడానికి. గూడ్సు అరిచాడు. తాడు తెంపుకుని, మీదున్న ఇద్దరినీ విదిలించి, తలతో కసాయి ఛాతీ మీద కుమ్మాడు. నలుగురూ గోడకున్న కొక్కేల మీద పడ్డారు. తూకం రాళ్ళు దొర్లాయి, ఒకడి పళ్ళు ఊడాయి. కసాయి ఒక చేత్తో గూడ్సు గొంతు పట్టుకుని నలుపుతూ, వాడి భుజం మీదుగా చిన్నదానివైపు చూశాడు. ఏదో తట్టినట్టు పట్టు వదిలేశాడు.

"ఆ యంత్రాలు ఇంకా ఉన్నాయా?"

"అరవై రెండు."

"నడుస్తున్నాయా?"

"ఆఁ."

"మరి ఇక్కడ నీకేం పనే, దరిద్రపుదానా!" అని షట్టరు ఒక్క తన్నుతో పైకి లేపాడు. ఆమెను మెడ పట్టుకుని వీధిలోకి నెట్టి, స్కూటరు వెనక ఎక్కించుకున్నాడు. నెత్తురు మరకల గుడ్డ కసాయి నడుముకు అలాగే ఉంది. కత్తి కూడా చేతిలోనే ఉంది, పాపం, మరిచిపోయాడు.

ఆఫీసులో మేనేజరు వాళ్ళను చూసి కుర్చీలోంచి లేచి గోడకు అంటుకున్నాడు.

"ముందు ఆస్పత్రికి వెళ్ళమ్మా, నీ చెయ్యి..."

"ముందు ఫోన్లు. యంత్రాలన్నీ ఆపమని చెప్పాలి."

"అలా ఎలా కుదురుతుంది? పైవాళ్ళను ఒకమాట అడగాలి కదా."

కసాయి కత్తిని బల్ల మీద పెట్టాడు. "అడగండి బాబూ. నాకేం తొందర లేదు, కూర్చుంటాను."

పైవాళ్ళను అడగలేదు. నలుగురు నాలుగు ఫోన్లు పట్టుకున్నారు. చిన్నది ఎడమచేత్తో నంబర్లు నొక్కింది. నలభై ఏడో చోట ఒకడు ఎత్తి, "ఉండమ్మా, ఇప్పుడే అట్ట ఇరుక్కుంది, ఒక్క మీట నొక్కేసి వస్తా" అన్నాడు.

"ముట్టుకోకు! వెనక ఎవరున్నారో చూడు! చూడరా నాయనా!" ఆమె గొంతు చీలిపోయింది.

అవతల అడుగుల చప్పుడు. తర్వాత వాడి గొంతు వచ్చింది. "మా బావమరిది... లోపల... నడుం దాకా వంగి ఉన్నాడమ్మా."

వేళ్ళకు పిండికట్టు వేయించుకుని వచ్చి, చిన్నది ఆ వారమంతా ఎడమచేత్తో పనిముట్టును మళ్ళీ కట్టింది. కూడిక గుర్తుతో ఎన్ని వరసలున్నా అన్నీ కలిపి ఒకే వాక్యంగా ఏరేటట్టు చేసింది. కలపలేని వాక్యం తగిలితే బిల్డు అక్కడే ఆగిపోతుంది, ఏ వరసలో ఆగిందో చెబుతుంది. ప్రతి వాక్యం పక్కనా, అది తెర మీద ఎప్పుడు కనబడుతుందో అనువాదం చేసేవాళ్ళకు రాసి పెట్టింది. మొదటిరోజే బిల్డు రెండువందల పద్నాలుగు చోట్ల ఆగింది. ప్రోగ్రాం రాసేవాళ్ళలో ఒకడు కోపంతో కప్పు నేలకేసి కొట్టాడు. ఆమె ఆ పెంకులు దాటుకుని వెళ్ళి తన చోట కూర్చుంది. ఈసారి ఎవరు అరిచినా దాని నోరు మూయలేదు.

తొమ్మిదోరోజు తీగలవాడికి మాట వచ్చింది. పోలీసాయన కాగితం పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. గూడ్సును, చిన్నదాన్ని పిలిపించారు. కసాయి కిటికీ దగ్గర నిలబడ్డాడు. తీగలవాడు ఏం చెబితే అదే గూడ్సు బతుకు.

"దగ్గరికి రారా" అన్నాడు తీగలవాడు.

గూడ్సు వంగాడు. తీగలవాడు ఎడమచేత్తో చెంప మీద లాగి కొట్టాడు. ఆ ఊపుకు వాడి తెగిన చేతి కట్టు తడిసి ఎర్రబడింది. మళ్ళీ కొట్టాడు. గూడ్సు మొహం తిప్పుకోలేదు, రెండో చెంప కూడా అందేలా ఇంకా వంగాడు. కొట్టి కొట్టి తీగలవాడికి ఆయాసం వచ్చింది.

"రాసుకోండి సార్" అన్నాడు పోలీసాయనతో. "వీడు కావాలని నొక్కలేదు. కావాలని చేసేంత తెలివి వీడికి ఎప్పుడూ లేదు. నేనొచ్చినట్టు వీడికి చెప్పలేదు, ముక్కు పగిలిన కోపంలో ఉన్నాను."

గూడ్సు మంచం అంచు పట్టుకుని నేల మీద కూలబడి, గోదామంతా కలిసి కొట్టినా ఏడవనివాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. తీగలవాడు చిన్నదానివైపు తిరిగాడు. తెర సంగతి కసాయి వాడికి ముందే చెప్పాడు.

"నువ్వా అది?"

"నేనే."

"నిన్ను మాత్రం క్షమించను."

"వద్దు" అంది చిన్నది. "వీణ్ణి వదిలావు, అది చాలు."

పోలీసాయన ఇద్దరి మాటలూ రాసుకున్నాడు. ఆ పనిముట్టు నోరు మూయించినది ఎవరో, ఎప్పుడో, మేనేజరు పేరుతో సహా ఆమె చేతే చెప్పించి రాసుకున్నాడు. ఆమె కింద సంతకం ఎడమచేత్తో వంకరటింకరగా పెట్టింది.

ఇదీ కథ. గుర్తుపెట్టుకోండి తల్లీ, మీ తర్వాతివాళ్ళకు చెప్పండి. చెప్పేటప్పుడు చిన్నది అన్నను కాపాడిందని మాత్రం చెప్పి ఊరుకోకండి. చప్పట్ల కోసం జల్లెడ నోరు మూసిందని కూడా చెప్పండి. రెండూ చెబితేనే నా కథ చెప్పినట్టు.