మైకు ఎవరి కుర్చీ దగ్గర

"మా నాన్నని చెవిటివాణ్ణి చేసింది మీరిద్దరే," అంది దర్జీ ఆవిడ. ఆమె మొగుడూ, షాపు నుంచి వచ్చిన టెక్నీషియనూ ఇద్దరూ తలెత్తారు. ఫ్యాను ఆపించి, ఫ్రిజ్ ఆపించి, ఇంట్లో ఎవరూ కదలొద్దని చెప్పి హాల్లో శబ్దం కొలత మొదలెట్టబోతున్నారు.

మూడు వారాలుగా ఇదే గోల. గోడలకి కొట్టుకుని చెడే టీవీ శబ్దాన్ని సరిచేసే యంత్రాలు రెండు తెచ్చారు. ఒకటి ఉంచుకోవాలి, ఒకటి ఈ సాయంత్రం షాపుకి పోవాలి. సోఫాలో తను కూచునే చోట మొగుడు మైకు నిలబెడతాడు. స్పీకర్లు కూయ్‌మంటాయి. లాప్‌టాప్‌లో శబ్దం ఎత్తుపల్లాలు చూపే గీతలు చూసి ఇవాళ "రెండోదే నున్నగా ఉంది" అంటాడు, రేపు "కాదు, మొదటిదే" అంటాడు. వంటింట్లో చెంచా జారినా నేరమే.

ఆమె తండ్రి నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసినవాడు. ఓ రోజు హాల్లో తన మూల కుర్చీలో కూచుని, "మాటలు అందట్లేదయ్యా, అంతా మోతే," అన్నాడు. అల్లుడు తెర చూపించాడు. "గీత తిన్నగా ఉంది మామయ్యా. తేడా మీ చెవుల్లోనే."

గీతకి చెవులుంటాయా? అయినా పెద్దాయన దాన్నే నమ్మాడు. హాల్లోకి రావడం మానేశాడు. నిన్న తన పనిముట్ల డబ్బా పక్కింటాయన చేతిలో పెట్టేశాడు. "చెవి లేనివాడికి ఇవెందుకే," అన్నాడు కూతురితో.

ఇవాళ పొద్దున్నే ఆమె కుట్టుపని పట్టుకుని ఆ మూల కుర్చీలో కూచుంది. టీవీలో వార్తల మనిషి నోరు కదులుతోంది, చెవికి దడదడే వస్తోంది. యంత్రం మార్చి చూసింది. అదే దడదడ.

"ఆ మూల మైకు ఒక్కసారైనా పెట్టారా?" ఇప్పుడు ఇద్దర్నీ అడిగింది.

టెక్నీషియన్ నసిగాడు. "సార్ తన సీటు చాలన్నారండి. ఒక్కచోటే కొలిస్తే గీత బాగా వస్తుంది. మూలల్లో ఎలాగూ మోత పేరుకుంటుంది."

"తెలిసీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదండి."

ఆమె మొగుడివైపు తిరిగింది. "రోజంతా వినేది ఆయన, నువ్వు కూచునేది ఆదివారం. నీ ఒంటికి కొలత తీసి ఆయనకి చొక్కా తొడిగావు. పట్టకపోతే ఆయన ఒళ్లే వంకరన్నావు."

"ఇప్పుడు మళ్లీ మొదలెడితే గీత పాడవుతుందే," గొణిగాడు.

"పాడవనీ. మైకు తీసి ఆయన కుర్చీ దగ్గర, ఆయన చెవి ఎత్తున పెట్టు. రెండు యంత్రాలతోనూ కొలవండి. ఏది ఉంచాలో ఆయన విని చెప్తాడు. ముందు లోపలికెళ్లి, మీ చెవుల్లో తేడా లేదు, తప్పు నాదేనని ఆయనతో నీ నోటితో చెప్పు. లే."