పరీక్ష మర్నాడు

ముందు బ్యాచ్ వదిలిన గీతలన్నీ తడిగుడ్డతో తుడిచేసి, పంతులమ్మ గుమ్‌జు బోర్డు మీద మూడు ఇంగ్లీషు మాటలు రాసింది: డిలే, పోస్ట్‌పోన్, ప్రొక్రాస్టినేట్. కొరియాలోని డేగు ఊళ్ళో నూడుల్స్ కొట్టు పైనున్న ఆ ట్యూషన్ గదిలో ప్రతి నవంబరూ, కాలేజీ ప్రవేశ పరీక్షకు ముందు, ఇవే మాటలు. సుద్దపొడికి పగిలిన వేళ్ళు, వాచిన పాదాలు. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు బల్ల అంచు పట్టుకుని నిలబడటం ఆవిడకు అలవాటైపోయింది.

అక్క సునొక్ ఫ్లాస్కుతో వచ్చింది.

"పుట్టినరోజు పూట సముద్రపు నాచు చారు తాగని మనిషిని నిన్నే చూశాను. రెండు గుక్కలు తాగి పద ఆసుపత్రికి."

"రెండూ పరీక్ష అయ్యాకే, అక్కా."

నాచు జారుడుగా ఉంటుంది కనుక, తింటే పరీక్షలో జారిపోతామని పిల్లలు ఆ నెల దాని జోలికి పోరు. పంతులమ్మకెందుకు ఆ పట్టింపు? ఒక ఏడు అక్క పోరు పడలేక తాగింది. ఆ ఏడే తెలివైన పిల్ల ఒకతి పరీక్షలో దెబ్బతింది. దాని తల్లి ఇక్కడి మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు గుమ్‌జు మర్చిపోలేదు. అంతే, ఇక ఎవరు చెప్పినా వినదు.

"పాఠం అవనీ, ఈడ్చుకుపోతాను," అని సునొక్ ఫ్లాస్కు కిటికీలో పెట్టి వెనక బెంచీలో కూర్చుంది.

గుమ్‌జు పాఠం మొదలుపెట్టింది. "వానకి రైలు ఆగితే డిలే. మన తప్పు లేదు. ఇంకో తేదీ పెట్టుకుంటే పోస్ట్‌పోన్. చెయ్యాలని తెలిసీ ఊరికే జరుపుకుంటూ పోతే ప్రొక్రాస్టినేట్. అది అచ్చంగా మన తప్పే."

"మరి మీ ఆసుపత్రి సంగతి వీటిలో ఏది, టీచర్?" ముందు వరసలోంచి యేజిన్ అడిగింది. పిల్లలంతా నవ్వారు.

"పోస్ట్‌పోన్. తేదీ పెట్టుకున్నాగా, పరీక్ష మర్నాడని."

"పోయినేడూ ఇదే తేదీ చెప్పావు," అంది సునొక్.

గుమ్‌జు బోర్డు వైపు తిరిగి చివరి మాట కింద గీత గీయబోయింది. చెయ్యి సగంలో ఆగింది. బల్ల అంచు పట్టుకుని, మెల్లగా కింద కూర్చుంది. సుద్దముక్క వెతుక్కుంటోందనుకున్నారు పిల్లలు. సునొక్‌కి మాత్రం అర్థమైంది. ఒళ్ళో తల పెట్టుకుని పిలుస్తూనే ఉంది. అంబులెన్సు వాళ్ళు మెట్లెక్కేసరికే ప్రాణం పోయింది.

పరీక్ష మర్నాడు సునొక్ ఆ గదికి వచ్చింది. చెల్లెలి చెప్పులు సంచిలో వేసుకుంది. ఆ రోజే నోరు తెరిపించి చారు ఎందుకు పొయ్యలేదా అని కుమిలిపోయింది. పిల్లలెవరూ ముట్టుకోలేదేమో, కిటికీలో ఫ్లాస్కు బిగించిన మూతతో నిండుగా అలాగే ఉంది.